ఉప్పు లేని పులుసు

సార్కాయిడోసిస్ జబ్బు మా ఆయన వినీల్ నరాలను వదిలి చాలా ఏళ్లయింది. పోతూ పోతూ ఎడమవైపు నవ్వునీ, నడకలో నిలకడనీ, నాలుక మీది రుచినీ పట్టుకుపోయింది. ఆ లోటు పూడ్చడానికి చెవితోడు వచ్చింది. ఇప్పుడు కాకినాడలో శనగగింజంత ఆ యంత్రం లేని ఇల్లు లేదు. మా ఇంట్లోదానిది ఆడగొంతు. మెట్టు వస్తే మెట్టని చెబుతుంది, ముద్ద నోట్లో పెడితే రుచి చెబుతుంది. నేను దాన్ని "ఆవిడ" అంటాను.

"పులుపు బాగా కుదిరింది," అంటాడు వినీల్. వండేది నేను, మెచ్చుకునేది ఆవిడ. నాకు ఒళ్లు మండిపోయేది.

ఇవాళ కావాలనే బెండకాయ పులుసులో ఉప్పు వేయలేదు. ఆ సంగతి వినీల్ పసిగడితే, ఆ మెచ్చుకోళ్లన్నీ ఆవిడవేనని తేలిపోతుంది. వడ్డించి, నేనూ కంచం పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

ఒక ముద్ద తిని, "ఉప్పు వేయలేదు కదూ," అన్నాడు.

"ఆవిడ చెప్పిందా?"

వినీల్ జుట్టు పక్కకి తీసి చూపించాడు. చెవి ఖాళీగా ఉంది. జేబులోంచి చెవితోడు తీసి కంచం పక్కన పెట్టాడు.

"తినేటప్పుడు ఎప్పుడూ పెట్టుకోను హిమజా."

"మరెలా తెలిసింది?"

"పులుసు ముట్టుకోకుండా పెరుగన్నం కలుపుకున్నావు. పోయినసారి ఉప్పు మరిచిన రోజూ అంతే."

"రోజూ పులుపు కుదిరిందంటావుగా?"

"నువ్వు రెండోసారి వేసుకున్న రోజే అంటాను."

కంచం పక్కనున్న ఆవిడకి కూడా వినబడేలా, కాస్త గట్టిగానే అన్నాను.

"ఏదీ, మళ్లీ చెప్పు."