ఏమీ వాడం

షెడ్డు వెనక చెత్తగుంతలో ఎవరో వంగి ఏదో ఏరుతున్నారు.

నర్సింహ చూశాడు. దాణా బకెట్టు అక్కడే పెట్టి గబగబా పోయాడు.

అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, భుజానికి గోనెసంచి. కోళ్ల మందు ఖాళీ పాకెట్లను ఒక్కొక్కటే దులిపి సంచిలో వేసుకుంటున్నాడు.

"ఎవలు నువ్వు? ఈడ ఏం జేస్తున్నవ్?"

"బర్నబా అంటరు పటేలా. బీరంగూడల ఉంట. ఖాళీలు తీస్కపోతున్న."

"గాడికెల్లి జోగిపేట దాక ఖాళీల కోసమే వచ్చినవా?"

"గందుకే వచ్చిన."

మాటలు విని షెడ్డులోంచి నర్సింహ భార్య సత్తెమ్మ వచ్చింది. కోళ్లు తాగే నీళ్లలో మందుపొడి కలిపేది ఆమే. మోచేతుల దాకా పసుపు రంగు అంటుకుని ఉంది.

బర్నబా ఆ చేతుల వైపు చూశాడు.

"ఒట్టి చేతులతోని కలుపకు చెల్లె. అసలు రోగం లేని కోళ్లకు ఈ మందే ఎయ్యద్దు. రోగం పురుగు దీనికి అలవాటు పడ్తది. రేపు మనకు జరమొస్తె మందు పనిచెయ్యది."

"చెప్పనీకె నువ్వెవలు?" అన్నాడు నర్సింహ.

నెల కింద పశువుల దవాఖాన నుంచి ఒక కాగితం వచ్చింది. మందులకు లొంగని రోగాల మీద దేశమంతటికీ ఏదో ప్లాన్ వేస్తున్నారట. ఏ షెడ్డులో ఏ మందు వాడుతున్నారో రాసివ్వాలట. నిజం రాస్తే షెడ్డు మూయిస్తారన్న భయంతో నర్సింహ "ఏమీ వాడం" అని రాసి సంతకం పెట్టాడు. ఊళ్లో పదకొండు షెడ్ల వాళ్లూ అదే రాశారు.

ఇప్పుడు ఆ సంతకం అబద్ధమని చెప్పే పాకెట్లు ఈ మనిషి సంచిలో ఉన్నాయి.

"సంచి కింద వెట్టు."

"నీ పేరు యాడ రాయ పటేలా. ఊరి పేరే రాసుకుంట."

రాస్తాడన్నమాట. సర్కారు మనిషేనని నర్సింహకు ఇక అనుమానం లేదు. సంచి గుంజుకుని గుంతలో గుమ్మరించాడు. అగ్గిపుల్ల గీసి వేశాడు.

"మల్ల ఈ దిక్కు కనవడితే కాళ్లిరగ్గొడ్త."

బర్నబా ఖాళీ సంచి తీసుకుని మడిచాడు. తర్వాత సత్తెమ్మను మంచినీళ్లు అడిగాడు. ఆమె తెచ్చి ఇచ్చింది. తాగి, చెంబు తిరిగిచ్చి, స్కూటర్ మీద వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి నర్సింహకు కాలు ఒకచోట నిలవలేదు. రోడ్డు మీద జీపు చప్పుడైతే బయటికి వచ్చి చూసేవాడు. అన్నం ముందు కూర్చుని మధ్యలో లేచేవాడు. గుంత పూడ్చేశాడు. పాకెట్లు ఎప్పటికప్పుడు కాల్చేస్తున్నాడు.

"ఎవలొస్తరని గింత పరేషాన్ అయితున్నవ్?" అని సత్తెమ్మ విసుక్కుంది.

నెల గడిచింది. ఎవరూ రాలేదు.

సత్తెమ్మకు జ్వరం వచ్చింది. ఒంటేలుకు పోతే మంట, పళ్లు కొట్టుకునేంత చలి. ఊరి డాక్టరు నాలుగు రోజులు సూదులు వేశాడు. ఐదో రోజుకు ఆమె మాట తడబడింది. మొగుణ్ణి గుర్తుపట్టలేదు.

సంగారెడ్డి దవాఖానలో చేర్పించారు.

"రక్తం, మూత్రం పరీక్షకు పంపినం" అంది డాక్టర్ చంద్రిక. "ఏ మందు పనిచేస్తదో తెలవాలంటె రెండు రోజులు పడ్తది. ఈమెకు అంత టైం లేదు. మీకు కోళ్ల షెడ్డు ఉన్నదా?"

"ఉన్నది మేడం."

"కోళ్లకు ఏం మందులు ఏస్తరు?"

"ఏం వాడం మేడం." ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది.

డాక్టర్ అదే రాసుకుంది. నర్సింహ మంచం మీది సత్తెమ్మను చూశాడు. ఆమె ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పెదాలు కదుపుతోంది.

"వాడుతం మేడం. రెండు రకాలు. ఒకటి పసుపుది, ఒకటి నీలంది. పేర్లు తెల్వయి."

"ఒక్క పాకెట్ అన్న తెప్పియ్యగలవా?"

"అన్ని కాలవెట్టిన."

"ఏ ఊరు మీది?"

చెప్పాడు. ఆమె బీరువాలోంచి ఒక పొడుగు పుస్తకం తీసింది. పేజీలు తిప్పి ఒకచోట వేలు ఆపింది. ప్రతి పేజీలో ఖాళీ పాకెట్ల ముక్కలు అంటించి, పక్కన ఊరి పేరు రాసి ఉంది.

"మీ ఊరియి పది షెడ్లయి ఉన్నయి. ఒక్కదానియి లేవు. అందరూ అదే దుకాణంల కొంటున్నరు." నర్సు వైపు తిరిగింది. "ఈ రెండు రకాల మందులు ఈమెకు పట్టయి. ఇప్పుడు పెట్టింది కూడ ఆ రకందే, తీసేయండి. వేరేది ఎక్కిద్దాం."

మూడో రోజు జ్వరం దిగింది. సత్తెమ్మ కళ్లు తెరిచి, "కోళ్లకు నీళ్లు పెట్టినవా?" అని అడిగింది.

నర్సింహ కళ్లు తుడుచుకుని డాక్టర్ గదికి పోయాడు.

"మేడం, ఆ పుస్తకం ఎవలు రాసిండ్రు?"

"బర్నబా అని ఒకాయన. జిల్లా ప్లాన్ తయారుచెయ్యమని షెడ్లోళ్లు రాసిచ్చిన కాగితాలు మాకు పంపిండ్రు. చూస్తె అన్నింట్ల 'ఏమీ వాడం' అనే ఉన్నది. వాటితోని ఏం ప్లాన్ చేస్తం? ఆయన ఊరూరు తిరిగి ఏరుకొచ్చి ఇచ్చిండు. ఇప్పుడు రాష్ట్ర ఆఫీసోళ్లు కూడ ఆ పుస్తకమే అడుగుతున్నరు."

"ఆయన్ను ఒక్కసారి కలవాలె మేడం. బీరంగూడల యాడుంటడు?"

చంద్రిక పెన్ను కింద పెట్టింది.

"ఆయన చనిపోయి పది రోజులైంది. ఈ వార్డులనే. కాలికి పుండు. మా దగ్గరున్న మందులన్ని ఎక్కించి చూసినం, ఒక్కటీ పట్టలేదు."

నర్సింహ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"సర్కారు మనిషా మేడం?"

"కాదు. ఇరవై ఐదేండ్లు కోళ్ల మందుల కంపెనీ ఏజెంటుగ మీ దిక్కు దుకాణాలన్నీ తిరిగి, ఆ మందు అందరికి అలవాటు చేసింది ఆయనే."