సూరీడమ్మ పేరు

మా ఊళ్ళో ఇప్పుడు అందరూ చర్మం మార్పించుకుంటున్నారు. పైపొర నెలకోసారి తనంతట తానే మారుతుంది కానీ అడుగుపొరకు బద్ధకం ఎక్కువ. దాన్ని తొందరపెట్టే యంత్రాన్ని రేషను షాపు పక్క గదిలో పెట్టారు. మోచేతి దగ్గర పుండు ఎంతకీ మానకపోతే, చెయ్యే తీసేస్తారేమోనని భయపడి నేనూ వెళ్ళాను.

యంత్రం నడిపే హిమజ నా చెయ్యి తిప్పి చూసింది. "ఈ మరకేటి మామ్మా? పుండుతోపాటు అదీ పోద్దిలే."

ఆ ఈడు పిల్లలెవరూ పచ్చబొట్టు చూడలేదు.

"మరక కాదే, మా చెల్లి పేరు. చిన్నప్పుడు అమ్మవారి తీర్థంలో ఇద్దరం పొడిపించుకున్నాం. దాని చేతి మీద నా పేరుండేది. ఆ చెయ్యి దానితోపాటే చితిలో కాలిపోయింది."

హిమజ మీట మీది వేలు తీసేసింది. "మరి చర్మం మారుతున్నా ఇది ఇన్నేళ్ళు ఎలాగుంది?"

"అడుగున ఒక్కో కణమూ చచ్చిపోతూ తన రంగును పక్కదానికి అప్పగిస్తుందట. పుస్తకంలో చదివాను."

"యంత్రం పెడితే అన్నీ ఒక్కసారే పోతాయి మామ్మా. అప్పగించడానికి ఏదీ మిగలదు."

"అందుకే కొంచెం కొంచెంగా మార్చు. పాతవాటి పక్కన కొత్తవి ఉండాలి."

"అయితే వానాకాలమంతా రావాలి."

"వస్తాను. నాకేమన్నా వరి ఊడ్పులున్నాయా?"

దసరాకి పుండు మానింది. కొత్త చర్మం మీద అక్షరాలు కాస్త అలుక్కుపోయాయి. హిమజ వాటి మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదివింది: "సూరీడమ్మ."

ఆ పేరు మరొకరి నోట విని ఎన్నేళ్ళయిందో.