ఆమె పాటల్లోని కుర్రాడు

"ఇవాళైనా కాస్త ఏడవండి. చూసేవాళ్లు ఏమనుకుంటారు?" అంది మా ఆవిడ, నా చేతిలో రుమాలు కుక్కుతూ.

హాలు కిటకిటలాడుతోంది. వేదిక మీద గాయని ఫోటో, పక్కన కుర్చీకి ఆనించిన ఆమె గిటారు. తన పాటలు తనే రాసుకుని, తనే బాణీ కట్టి పాడిన మనిషి. పోయి నెలయింది. ఈ సంస్మరణ సభకు మా ఆవిడ నాచేత సెలవు పెట్టించి మరీ లాక్కొచ్చింది.

గాయనితో నాకేం పేచీ లేదు. నా గొడవంతా ఆ కుర్రాడితోనే.

వాడి కథ తెలియని అభిమాని లేడు. ఇరవయ్యేళ్ల వయసులో ఆమె ప్రేమించినవాడు. నదిలో కొట్టుకుపోయాడు. వాడి పేరు ఆమె ఎక్కడా చెప్పలేదు, మళ్లీ పెళ్లి ఊసెత్తలేదు. రాసిన నలభై రెండు పాటలూ వాడి మీదే. వాడి నవ్వు మీద ఒకటి, వాడు మరిచిపోయిన గొడుగు మీద ఒకటి, వాడు రాని సాయంత్రాల మీద పదకొండు.

ఆ నలభై రెండూ పొద్దున లేస్తే మా ఇంట్లో మోగుతాయి. కూరలో ఉప్పు ఎక్కువైందని నేనంటే చాలు, "అతనైతే ఇలా అనేవాడా?" అంటుంది మా ఆవిడ. పోయినవాడికున్న విలువ ఉన్నవాడికి లేదు మా కొంపలో.

నా సంగతి చెప్పాలంటే, బీమా ఆఫీసులో గుమాస్తాని. బట్టతల, బానపొట్ట, నెలకో కొత్త మాత్ర. నా మీద ఎవరైనా పాట కడితే పల్లవి కూడా పూర్తికాదు. రోజూ చావు కాగితాల మీద ముద్రలు వేసి వేసి కన్నీళ్లు కూడా ఎండిపోయాయి.

అయినా ఇవాళ ఓ పని పెట్టుకుని వచ్చాను. ఆ కుర్రాణ్ణి నేనెరుగుదును. బాగా ఎరుగుదును. ఈ మాట ఇంట్లో ఎప్పుడూ అనలేదు. మైకు దొరికితే వాడి బండారం బయటపెట్టి, మా ఆవిడ మనసులో వాణ్ణి ఒక్క మెట్టయినా దించాలని నా పంతం.

ఈలోగా ఒకమ్మాయి గొడుగు పాట అందుకుంది. 'గుమ్మం పక్కనే ఉంచాను, తడవకుండా వెళ్లు, వచ్చి తీసుకెళ్లు' అని. ఏడుపొచ్చింది, నిజం ఏడుపు. రుమాలు అక్కరకొచ్చింది.

"అక్క గురించి ఎవరైనా రెండు ముక్కలు చెప్తారా?" అని అడిగింది గాయని చెల్లెలు.

పంతం తన్నుకొచ్చింది. గబగబా వేదికెక్కాను.

"ఆ అబ్బాయిని నేనెరుగుదునమ్మా," అన్నాను. హాలంతా నావైపు తిరిగింది. మా ఆవిడ నోరు తెరిచింది. "మీరనుకునేంత గొప్పవాడేం కాదు. పాటకు తాళం వేయడం కూడా చేతకాదు. బరువు నెత్తిన పడుతుందంటే ఆమడ దూరం పరుగెత్తే రకం. ఆ గొడుగు కూడా తెరిస్తే మళ్లీ మూసుకునేది కాదు. ఇన్ని పాటల్లో ఒక్క చరణానికి కూడా తగడు వాడు."

"దించండయ్యా ఆయన్ని!" అన్నారెవరో వెనకనుంచి.

చెల్లెలు మాత్రం కోప్పడలేదు. మెల్లగా నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"మేమెవరమూ అతన్ని చూడలేదండి. అక్క అంటుండేది, 'వాడిలో లోపాలు చెప్పేవాళ్లు ఒక్కరు దొరికినా మర్చిపోయి హాయిగా బతికేదాన్నే' అని. మీరు ఓ ముప్పై ఏళ్లు ముందు రావాల్సిందండి."

రుమాలుతో మొహం తుడుచుకుంటూ మెట్లు దిగాను.

బయటికొచ్చాక మా ఆవిడ విరుచుకుపడింది. "పోయినవాడి మీద అంత అక్కసేమిటండీ? పాపం, బతికుంటే ఆవిణ్ణి కళ్లలో పెట్టుకుని చూసుకునేవాడు!"

పెళ్లి మాట వినగానే హడలిపోయి, నేను నదిలో కొట్టుకుపోయానని నా స్నేహితుడెవరో రాసినట్టు ఆ పిచ్చిపిల్లకు ఎడమ చేత్తో ఉత్తరం రాసి పడేసింది నేనేనని మా ఆవిడకు ఏ నోటితో చెప్పను?