నలభై రెండో నంబరు

"పది నిమిషాలు మీ క్లాసు వరండాలో నిలబడ్డానండీ. అరవై మంది కుర్రాళ్ళు, ఒక్కడి గొంతైనా వినపడలేదు. మీరు పాఠం చెబుతున్నారా, ప్రార్థన చేయిస్తున్నారా?"

ప్రిన్సిపాలు గారి మాటకి దైవాధీనం మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. బందరు కాలేజీలో ఫిజిక్సు చెప్పడానికి చేరి ఏడాదిన్నరైనా ఆయన ఉద్యోగం ఇంకా టెంపరరీయే.

"నన్నేం చెయ్యమంటారండీ? డౌట్లుంటే అడగండర్రా అని రోజూ మొత్తుకుంటున్నాను. గుడ్లప్పగించి చూస్తారు."

"ఏ భాషలో మొత్తుకుంటున్నారు?"

"ఇంగ్లీషులోనే. పుస్తకం ఇంగ్లీషే కదండీ."

"మొన్నటిదాకా తెలుగులో చదువుకున్న పిల్లలు. ముందు వాళ్ళకి అర్థమయ్యేలా మాట్లాడండి. మూడు వారాల్లో యూనివర్సిటీ వాళ్ళు తనిఖీకి వస్తున్నారు. అప్పుడూ క్లాసు ఇలాగే ఉంటే మిమ్మల్ని పర్మనెంటు చెయ్యమని నేను రాయలేను."

మాస్టారు రుసరుసలాడుతూ క్లాసుకి వచ్చాడు. రిజిస్టర్లోంచి తల ఎత్తకుండా నంబర్లు పిలిచాడు. అరవై సార్లు "ప్రెజెంట్ సార్" వినపడింది. ఈ రెండు మాటలకి తప్ప ఈ గాడిదలకి నోరు లేవదని పళ్ళు నూరుకుని, నోట్సు మూసి బల్ల మీద పడేశాడు.

"సరే, తెలుగులోనే ఏడుస్తాను. సముద్రానికి పోటు ఎందుకొస్తుంది?"

ఒక్కడు పలికితే ఒట్టు.

"చంద్రుడు నీళ్ళని లాగుతాడు కాబట్టి! రోజుకి రెండుసార్లు, పన్నెండు గంటలకోసారి. ఇవాళ ఎనిమిదింటికి వస్తే రేపూ ఎనిమిదింటికే. ఇంత చిన్న విషయానికి నోరు పెగలదేం?"

ఆఖరి బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఎవడ్రా అది? లే!"

నల్లగా, దిట్టంగా ఉన్న కుర్రాడు లేచాడు. "నలభై రెండో నంబరండి."

మాస్టారు రిజిస్టరు చూశాడు. రాజబాబు, ఊరు హంసలదీవి. "ఏమిట్రా రాజబాబూ ఆ నవ్వు?"

"తప్పయితే మన్నించండి. పోటు రోజూ ఒకే వేళకి రాదండి. రోజుకి రెండు గడియలు వెనక్కి జరుగుద్దండి. మీరు చెప్పిన వేళకి దిగితే మా పడవలన్నీ బురదలోనే కూచుంటాయండి."

క్లాసంతా ఘొల్లుమంది. తిట్టడానికి నోరు తెరిచిన మాస్టారికి చప్పున తట్టింది. చంద్రుడే రోజూ ఆలస్యంగా వస్తుంటే పోటు మాత్రం ఆలస్యంగా రాదూ? రెండు గడియలంటే నలభై ఎనిమిది నిమిషాలు. కుర్రాడి లెక్క సరిగ్గా ఉంది. ముందు సిగ్గేసింది. ఆ వెంటనే, ఈ ఏడాదిన్నరలో తన పాఠం విని తప్పు పట్టినవాడు ఒకడు దొరికాడని చెప్పలేనంత సంతోషం కలిగింది.

"ఎందుకు వెనక్కి జరుగుతుందో చెప్పగలవా?"

"అదే మీరు చెబుతారని వింటున్నానండి."

మాస్టారు చెప్పాడు. ఇంకొకడు అమావాస్య పోటు గురించి అడిగాడు. మరొకడు పడవ ఎందుకు మునగదన్నాడు. చల్లపల్లి కుర్రాడు వడ్ల మిల్లు బెల్టు సంగతి ఎత్తాడు. అప్పటిదాకా నోళ్ళు లేవని ఏడ్చిన మాస్టారికి, వారం తిరక్కుండానే ఆ నోళ్ళు మూయించడం గగనమైపోయింది. గంట కొట్టినా వదలరు, కాఫీ తాగనివ్వరు. అందరికంటే ముందు లేచేది రాజబాబే.

"మీరు నా ప్రాణం తోడేస్తున్నారర్రా!" అని కసురుకుంటూనే మళ్ళీ సుద్దముక్క తీసేవాడు.

తనిఖీ రోజు రానే వచ్చింది. యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దమనిషి ప్రిన్సిపాలు గారితో కలిసి వెనక బెంచీలో అరగంట అనుకుని కూర్చుని, గంటన్నర కూర్చున్నాడు. చివరికి లేచి ప్రిన్సిపాలు గారి చెయ్యి పట్టుకున్నాడు.

"ఎన్నో కాలేజీలు తిరిగాను గానీ ఇలాంటి క్లాసు చూడలేదు. ఈ మాస్టారిని వదులుకోకండి. అన్నట్టు, ఆ రాజబాబు అనే అబ్బాయికి స్కాలర్‌షిప్పు నేను ఇప్పిస్తాను. ఏమయ్యా రాజబాబూ, రేపు పదింటికి నేను దిగిన బంగళాకి రా, ఇంకో నాలుగు ప్రశ్నలు అడగాలి నిన్ను."

కుర్రాడు తల దించుకుని బెంచీ అంచు గోకసాగాడు.

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. "ఇన్నాళ్ళూ నోరు ముయ్యమన్నా ముయ్యలేదు, ఇప్పుడేం వచ్చింది నీకు? వస్తానని చెప్పరా రాజబాబూ!"

"రాజబాబు మా తమ్ముడండి, నా పేరు అబ్బులండి... వాడికి టైఫాయిడు వస్తే హాజరు పోకుండా నేనొచ్చి కూచున్నానండి, వాడికి తగ్గింది, రేపట్నుంచి వాడొస్తాడండి, నేను మళ్ళీ చేపల వేటకి వెళ్ళిపోతానండి."