నిలవని రంగు

పోచంపల్లిలో ఇప్పుడు అందరూ ఏడాదికోసారి రంగునీళ్లు తాగుతారు. ఒంట్లో చెడ్డ గడ్డ ఉంటే రంగు దాన్ని పట్టుకుని నిలిచిపోతుంది. లేకుంటే మూడు రోజుల్లో కొట్టుకుపోతుంది. నాలుగో రోజు ఆశా కార్యకర్త నవనీత ఇంటికొచ్చి, కంటికి కనపడని వెలుగు వేసి, చేతిలోని పలకలో చూస్తుంది.

నూలుకు రంగులద్దే భావనారాయణకు ఈసారి గుండె దడగా ఉంది. నిరుడే ఆయన భార్య అండాలుకు రొమ్ములో గడ్డ తీశారు.

నవనీత పలక తీయగానే ఆయన నసిగాడు.

"బిడ్డా, ఒక తప్పు జేసిన. మీ పెద్దమ్మ తాగే రంగునీళ్లల్ల చెంచెడు ఉప్పేసిన. నూలుకైతే ఉప్పేస్తెనే రంగు నిలుస్తది గదా, చెయ్యి ఆగలే. ఇప్పుడు ఊకెనే నిలిచిపోతదా ఏంది?"

"అందుకేనా గంత ఉప్పగున్నయ్! మందే గట్ల ఉంటదనుకొని తాగిన," అంది అండాలు.

"ఉప్పుతోటి ఏం గాదు పెద్దనాయినా," అని నవ్వి, నవనీత పలకను అండాలు ఛాతీ మీదుగా, చంకల దాకా మెల్లగా జరిపింది. ఎక్కడా ఒక్క చుక్క కూడా మెరవలేదు.

"ఏం లేదు పెద్దమ్మా. రంగంతా పోయింది."

రంగు వెలిసిందని ఎవరన్నా అంటే ఆ పూట అన్నం ముట్టని మనిషి భావనారాయణ.

"ఇంకోసారి జూడు బిడ్డా. నిజంగనే పోయిందా?"

"రంగు పోయిందని నువ్వు సంబురపడంగ గిప్పుడే జూస్తున్న," అంటూ అండాలు కొంగుతో ఆయన కళ్లు తుడిచింది.

పదేళ్ల కింద ఆ కొంగుకు ఆయన అద్దిన నీలం ఇంకా వెలవలేదు.