తప్పిన దరువు

మే పదిహేడు, మా దేశపు జాతీయ దినోత్సవం. జెండాల ఊరేగింపు మా కొత్త వంతెన ఎక్కబోతుండగా, మా అమ్మాయి టోరున్ పరుగున వచ్చి నా పెద్ద డోలు పట్టుకుంది.

"నాన్నా, ఇప్పుడే లెక్క తేలింది. మీ బ్యాండు అడుగూ ఈ వంతెన ఊగే వేగమూ ఒకటే. అందరూ ఒక్కసారిగా అడుగులేస్తే ఊపు మీద ఊపు పెరిగి కూలిపోతుంది! సెలవు కదా, వంతెనల ఆఫీసులో ఎవరూ ఫోనెత్తరు. మీ మాస్టరేమో నవ్వి పొమ్మన్నాడు."

నాది ఏడో తరగతి చదువు. ఇంజనీరైన నా బంగారుతల్లి వంతెనను కంప్యూటరులో వేల ముక్కలుగా కోసి, ముక్కముక్క వణుకునూ లెక్కగడుతుంది. ఆ లెక్క నాకర్థం కాదు.

అంతలో బ్యాండు మాస్టరు హాల్వర్డ్ కర్ర ఊపాడు. వెనకున్న జనం మమ్మల్ని ముందుకు నెట్టేశారు.

వంతెన నడిమికొచ్చేసరికి కాళ్ల కింద ఇనుము లేచి పడుతోంది. కమ్మీలు సన్నగా మూలుగుతున్నాయి. పిల్లలు ఉయ్యాలనుకుని కేరింతలు కొడుతున్నారు. నా ప్రతి దెబ్బకూ ఊపు ఇంకాస్త పెరుగుతోంది.

నలభై ఏళ్లుగా తప్పని దరువును చేతులారా చెడగొట్టాను. ఇష్టమొచ్చినట్టు బాదాను. అడుగులు చెదిరి ఒకరి మీద ఒకరు పడ్డారు. ఊపు మెల్లగా అణిగింది.

అవతలి గట్టున హాల్వర్డ్ మండిపడ్డాడు. "ఏం పెద్దాయనా, కునుకు పట్టిందా? ఇక ఆ డోలు దించి, ఇంటికెళ్లి కాఫీ తాగు!"

ఊరంతా ఒకటే నవ్వు. అబ్బ, ఎంత తియ్యటి నవ్వో! నవ్వేవాళ్ల లెక్కలో ఒక్కరూ తగ్గలేదు. పిల్లలతో సహా అందరూ గట్టు మీదే ఉన్నారు.