రేపు పొద్దున ఏడింటి వంతు

టిక్కు పెట్టడం అబద్ధమాడటం కిందికి రాదు, నోరు విప్పలేదు కదా, అనుకున్నాడతను.

కాగితంలో ప్రశ్న మాత్రం సూటిగానే ఉంది. స్కానింగ్‌లో ఎక్కించే రంగు మందు ఇంతకుముందు ఎప్పుడైనా పడకపోయిందా? దద్దుర్లు, ఆయాసం వచ్చాయా?

‘లేదు’ దగ్గర టిక్కు పెట్టాడు.

వచ్చాయి. మూడేళ్ల క్రితం, కిడ్నీలో రాయికి స్కాన్ తీసినప్పుడు. ఒళ్లంతా బొత్తాలంత దద్దుర్లు లేచాయి. గొంతు బిగుసుకుపోయింది.

అది ఎప్పటి మాట. ఇప్పుడు ఎడమ కాలు తొడ దాకా వాచింది. కుర్చీ చుట్టూ తిరిగి జుట్టు కత్తిరించలేక నాలుగు రోజులుగా సెలూన్ షట్టరు దించేశాడు. పొత్తికడుపు లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో, మామూలు స్కాన్‌లో అంత లోతు కనబడటం లేదు, సీటీ తీయాలి అన్నాడు డాక్టరు. పదకొండు రోజులు ఆగితే ఈ వంతు వచ్చింది.

తన కుర్చీలో కూర్చునేవాళ్లూ ఇంతే. తలలో పుండ్లేమైనా ఉన్నాయా అంటే లేవంటారు. కత్తి తగిలాక, అక్కడొకటుంది అంటారు. ఆ సంగతి ఇప్పుడే గుర్తుకు రావడం అతనికి నచ్చలేదు.

పక్క కుర్చీలో పెద్దాయన వాగుడికి అంతు లేదు. నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పాఠం చెబుతున్నాడు. మందు ఎక్కగానే ఒళ్లు వెచ్చబడుతుందట. నోట్లో ఇనుము రుచి తగులుతుందట. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాలట. అయ్యాక నీళ్లు బాగా తాగాలట.

“బట్టల్లో పోసేసుకున్నామా అనిపిస్తుంది. పోసుకోం. కంగారుపడి కదిలారో, బొమ్మ పాడవుతుంది.”

ఎదురు వరసలో ఇద్దరు ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

పెద్దాయన ఇతని వైపు తిరిగాడు.

“ఈ మందు మీకు ఇదివరకు ఎక్కించారా బాబూ?”

“ఒకసారి.”

“దద్దుర్లేమీ రాలేదుగా?”

“రాలేదు.”

పెద్దాయన అతని చేతి వైపు చూశాడు. అది మెడ గోకుతోంది. ఎప్పుడు అక్కడికి వెళ్లిందో అతనికే తెలియదు.

“చెబితే వెళ్లగొట్టరు బాబూ. ముందురోజు నుంచి మాత్రలిచ్చి, డాక్టరు దగ్గరుండి తీయిస్తారు. కాదంటే వేరే రకం స్కాన్ రాస్తారు.”

“ఇవాళ పోతే మళ్లీ పదకొండు రోజులు. ఈ కాలేసుకుని నేనేం చెయ్యను? మీ పని మీరు చూసుకోండి పెద్దాయనా. మీరేమైనా డాక్టరా?”

పెద్దాయన కర్ర ఊతంగా లేచి, కాళ్లీడ్చుకుంటూ కౌంటరు దగ్గరికి వెళ్లాడు. అక్కడి అమ్మాయి వైపు వంగి ఏదో చెప్పాడు. ఇద్దరూ ఒకసారి ఇటు చూశారు.

చాడీ చెబుతున్నాడు, అనుకున్నాడతను. కొందరికి ఎదుటివాడి గొడవలో తల దూర్చందే పొద్దుపోదు.

అంతలో లోపలికి పిలిచారు. నర్సు మోచేతి దగ్గర సూది పెట్టి, ప్లాస్టరు అంటించింది. కాగితం చూస్తూ, అన్నీ ‘లేదు’లేనా అంది. ఆమె గొంతులో అనుమానమేమీ లేదు.

మరి చాడీ ఏమైనట్టు?

కౌంటరమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది. “రేపు పొద్దున ఏడింటి వంతు మీకు కావాలా, ఇవాళే కానిచ్చేస్తారా? తొందరగా చెప్పండి.”

“ఏడింటిదా? అది ఎవరిది?”

“మీ పక్కన కూర్చున్న పెద్దాయనది. రెండు కాళ్లలోనూ గడ్డలే ఆయనకి. కిడ్నీల రక్తపరీక్షకని వచ్చారివాళ, స్కాన్ రేపు. గడ్డలకి మందు వాడుతున్నాను, నేను ఆగగలను, మీరు తీసుకుంటానంటే నన్ను పదకొండు రోజుల తర్వాతకి రాసెయ్యి అన్నారు.”

“ఎందుకిస్తున్నాడట?”

“నేనూ అడిగాను. అది మీరే చెబుతారన్నారు.”

తలుపు సందులోంచి బయటి వరస కనిపిస్తోంది. పెద్దాయన లేడు.

అతను చెయ్యి వెనక్కి తీసుకుని, “ఒక్క నిమిషం ఆగమ్మా,” అన్నాడు నర్సుతో, “మీకొకటి చెప్పాలి.”